బానెట్ ఎత్తిన ఫోటో లేదు

కాశీబుగ్గ,
6 ఫిబ్రవరి 2025

తమ్ముడు జోయెల్‌కు,

నువ్వు ఏ సముద్రం మీద ఉన్నావో తెలియకపోయినా రోజూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకుంటూనే ఉన్నాం. మా అత్తమ్మకు నీ ఓడ పేరు నోరు తిరగదు. “ఆ కార్ల పడవలో ఉన్న మా వనజ తమ్ముడు” అని చెబుతుంది దేవుడికి. ఆయనకు అర్థమవుతుందిలే.

ఓడ కదిలాక ఫోటోలూ వీడియోలూ రావని, ఆఫీసు కంప్యూటరుకు ఉత్త అక్షరాలే దిగుతాయని, అవి కూడా రెండు మూడు రోజులకోసారి కట్టగా వస్తాయని పోయినసారి రేవు నుంచి ఫోను చేసినప్పుడు చెప్పావు. అందుకని డయాలసిస్ డ్యూటీ ముగించుకుని వచ్చి ఇలా తాపీగా ఉత్తరం రాస్తున్నాను. మాట్లాడితే అరగంటలో అయిపోయే ఏడుపు, రాస్తే ఇంకాస్త సాగుతుంది.

సంగతి మీ బావ గురించి. పెళ్లిళ్లకు అద్దెకు తిప్పే రెండు కార్లలో పాతదాన్ని సంక్రాంతి ముందే అమ్మేశాడు కదా. ఆ డబ్బు చేతికొచ్చిన రోజు నుంచి మనిషి మనిషిలా లేడు. అన్నం తింటూ ఫోను, చర్చిలో పాట మధ్యలో ఫోను. పోయిన వారం అందులో ఒక కారు కనబడింది. జర్మనీ కంపెనీది, నల్లది, స్పోర్ట్స్ మోడలట. కొత్తది కోటి రూపాయలకు దగ్గరట. ఇది ఐదేళ్ల పాతది, పదకొండు లక్షలకే ఇస్తారట. అమ్మేవాడు డాక్టరు సాయిరాం, విదేశాలకు వెళ్లిపోతున్నాడట, ఊరు టెక్కలి దగ్గరట. ఇన్ని ‘అట’లు ఒక్క కారుకు ఎందుకని అడిగితే మీ బావకు కోపం వచ్చింది.

“పలాసలో, టెక్కల్లో, మందసలో ఎక్కడ పెల్లి జరిగినా పెల్లికొడుకు ఈ కార్లోనే దిగాల. ఇలాటిది ఇచ్చాపురం దాకా ఎవుడికుందో సెప్పు!” అంటాడు. కళ్లు మెరిసిపోతున్నాయి. పెళ్లి చూపుల్లో నన్ను కూడా అలా చూడలేదు.

నాకెందుకో భయంగా ఉంది జోయెల్. డబ్బు పోతుందని మాత్రమే కాదు. ఎందుకో చెప్పలేను. నువ్వు ఆ కార్ల మధ్యే బతుకుతున్నావు. ఒక్క మాట రాయి. నీ మాటంటే ఆయనకు గౌరవం.

ఎండ, ఉప్పుగాలి చూసుకో. ఇంజను గదిలో నీళ్లు తాగడం మరచిపోకు. మూత్రపిండాలు పాడైనవాళ్లను రోజూ చూసే దాన్ని చెబుతున్నాను.

నీ అప్ప,
వనజ

*

ఓడ మీద నుంచి,
9 ఫిబ్రవరి 2025

వనజప్పకు,

నీ ఉత్తరం ప్రింటు తీసి జేబులో పెట్టుకుని ఇంజను గదిలోకి దిగాను. చెమటకు తడిసి సగం అక్షరాలు పోయాయి. అత్తమ్మగారి ‘కార్ల పడవ’ మాత్రం మిగిలింది. మా ఫిలిప్పీన్ కుర్రాళ్లకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు.

ఎర్ర సముద్రం వైపు పోవడం ప్రమాదమని ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్నాం. రోజుల తరబడి నీళ్లు తప్ప ఏమీ కనబడవు. మా తలల మీద అంతస్తులంతస్తులుగా కొత్త కార్లు, చక్రాలకు బెల్టులు కట్టి, పశువుల శాలలో ఆవుల్లాగా వరసగా ఉంటాయి. అలలు పెద్దవైతే ఆ బెల్టులన్నీ ఒక్కసారి కిర్రుమంటాయి. ఆ చప్పుడుకు నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

బావ చూసిన మోడలు నాకు తెలుసు. ఆ ఇంజను ఉంది చూశావూ, దాని ముందు నిలబడితే గుండెల్లో వినబడుతుంది. బావ మోజు పడ్డాడంటే తప్పు పట్టలేను. కానీ ఆ ధరకు ఆ కారు ఎవరూ ఇవ్వరు అప్పా. వరదలో మునిగినదో, గుద్దుకుని ముక్కలైతే అతికించినదో, దొంగదో అయి ఉండాలి. డాక్టరుకు తొందరగా ఉంటే మాత్రం, ఏ పెద్ద ఊరి షోరూములో పడేసినా ఇంతకు మూడింతలు వస్తుంది కదా? టెక్కలిలో ఎందుకు అమ్ముతాడు?

ఫోటోలు నాకు రావు కాబట్టి నా బదులు నువ్వు చూడు. తీరిగ్గా, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూడు. బానెట్ ఎత్తి తీసిన ఫోటో ఉందా? స్టీరింగు ముందున్న మీటర్లు వెలుగుతున్నాయా, చీకటిగా ఉన్నాయా? అన్ని ఫోటోల్లోనూ ఒకటే నంబరు ప్లేటా? కారు కన్నా దాని వెనకాల ఏముందో ఎక్కువ చూడు. అమ్మేవాడు కారును తుడుస్తాడు గానీ వెనకనున్న గోడను తుడవడు.

ఇంజను గురించి నేను అన్న మాట బావకు చదివి వినిపించకు. మిగతాదంతా వినిపించు.

నీళ్లు తాగుతున్నాను, ఒట్టు.

జోయెల్

*

కాశీబుగ్గ,
12 ఫిబ్రవరి 2025

జోయెల్,

వినిపించకు అన్నదే విన్నాడు. నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి నా ఫోనులో నీ ఉత్తరం చదివేశాడు. “సూసినావా, గుండెల్లో వినబడతాదంట!” అని వీధి అంతటికీ చెప్పాడు. కింద రాసినవి కనబడనే లేదు ఆయనకు. పైగా, ‘బావకు చదివి వినిపించకు’ అన్నావని నొచ్చుకున్నాడు. “నన్నొక సిన్నపిల్లోడి కింద జమకట్టీసినారు అక్కా తమ్ముడూను” అని రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

నువ్వు చెప్పినట్టు ఫోటోలు చూశాను. బానెట్ ఎత్తిన ఫోటో లేదు. మీటర్లున్న ఫోటో ఒకటి ఉంది, అంతా నల్లగా ఉంది. ముందు నుంచి తీసిన దాంట్లో ఒడిశా నంబరు. వెనక నుంచి తీసిన దాంట్లో ప్లేటు మీద తువ్వాలు వేలాడుతోంది. కారు ఉన్నది రేకుల షెడ్డులో. కింద ఇసుక. షెడ్డు బయట ఒక నీలం రంగు సిమెంటు ట్యాంకు, దాని మీద పెద్ద రొయ్య బొమ్మ, మీసాల దగ్గర పెచ్చులూడిపోయి ఉంది. డాక్టరుగారి ఇల్లు అలా ఉంటుందా?

ఇంకొకటి చెబుతాను, నవ్వకు. కారు తలుపు నల్లగా అద్దంలా ఉంది కదా, అందులో ఫోటో తీస్తున్న మనిషి నీడ పడింది. అతని వెనక గేటు దగ్గర ఇంకొకడు ఉన్నాడు. వాడు కారు వైపు చూడటం లేదు. అటు తిరిగి రోడ్డు చూస్తున్నాడు. ఫోటో తీసుకోవడానికి కాపలా ఎందుకు?

ఇది చూపిస్తే మీ బావ, “ఎవడో కొబ్బరికాయలు దింపడానికొచ్చినోడయ్యుంటాడు” అన్నాడు. నిన్న డాక్టరుతో ఫోనులో మాట్లాడాడు. నేనూ విన్నాను. గొంతు తేనెలా ఉంది. ‘బ్రదర్’ అంటాడు. మనం క్రైస్తవులమని ఎలా తెలిసిందో! బ్యాంకులో వేస్తే పన్నుల గొడవ వస్తుందట, డబ్బు చేతికే ఇవ్వాలట. పూండి స్టేషను దగ్గరకు వస్తే అక్కడి నుంచి మనిషి తీసుకెళ్తాడట.

బావ పేరు మీద విడిగా ఒక ఉత్తరం రాయి. వెళ్లవద్దని రాయి. ఈసారి ఇంజను ఊసెత్తకుండా రాయి.

వనజ

*

ఓడ మీద నుంచి,
13 ఫిబ్రవరి 2025

వరప్రసాదు బావకు, అప్పకు,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. అప్ప నుంచి జవాబు ఇంకా దిగలేదు. ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది, శాటిలైటు సరిగా పనిచేయడం లేదంటున్నారు.

మొన్నటి ఉత్తరం పంపాక మనసు పీకింది. బావకు కార్ల గురించి నేను చెప్పడమేమిటి? ఆ తుపాను రోజున రోడ్డు నిండా కొబ్బరిచెట్లు పడి ఉంటే, పొలాల మీదుగా కారు నడిపి అమ్మను ఆసుపత్రికి చేర్చింది బావ. అంబులెన్సువాడు రానన్న దారి అది. అలాంటి మనిషి గురించి, అతనికి వినిపించవద్దని చాటుగా రాయడం నాకే నచ్చలేదు. క్షమించు బావా.

నీకు అంత మనసుంటే ఒకసారి వెళ్లి చూడు. ఫోటోలు చూసి ఏ కారునూ తీసిపారేయలేం. పగటిపూట వెళ్లు. మెకానిక్ పోలయ్యను వెంట తీసుకెళ్లు. కాళ్ల కింద కార్పెట్ ఎత్తి చూడు, ఇసుకో తుప్పో కనబడితే వెనక్కి వచ్చేయి. బాగుంటే ఇంటికొచ్చి ఆలోచించుకోవచ్చు.

అప్పా, నువ్వు ఎక్కువ భయపడకు. చూసినంత మాత్రాన పోయేదేముంది?

మీ జోయెల్

*

కాశీబుగ్గ,
14 ఫిబ్రవరి 2025, సాయంత్రం

జోయెల్,

చూసినంత మాత్రాన పోయేదేముంది అని రాశావు. నువ్వు రాసింది నిన్న రాత్రి వచ్చింది. మీ బావ దాన్ని గట్టిగా చదివి, ఒక కాగితం మీదికి ఎక్కించుకుని, మడిచి దేవుని వాక్యంలాగ జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే పోలయ్యను బండి మీద ఎక్కించుకుని వెళ్లాడు. పదకొండు గంటలకు పూండి స్టేషను నుంచి ఫోను చేశాడు, “మనిసొచ్చినాడు, ఆటోలో తీసుకెల్తన్నాడు” అని. అంతే. తర్వాత ఇద్దరి ఫోన్లూ స్విచ్చాఫ్. ఇప్పుడు దీపాలు పెట్టే వేళయింది.

నా మాట వింటావని నీకు రాశాను. నువ్వే పంపించేశావు.

కానీ నేను చేసింది విను. నిన్న నీ ఉత్తరం వచ్చాక ఆయన డబ్బు బ్యాగు సర్దుకున్నాడు. చూసి వచ్చేయి అని నువ్వు రాస్తే, “సేతిలో డబ్బు లేకుండా ఎల్తే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు” అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. ఆయన పడుకున్నాక నేను ఆ కట్టలు తీసేసి, వాటి బదులు ఆదివారం బడి పాత పాటల పుస్తకాలు తువ్వాల్లో చుట్టి పెట్టాను. పైన మాత్రం ఒక వరస నోట్లు ఉంచాను. ఎలాగూ డబ్బు ఇచ్చేముందు తెరిచి చూసుకుంటాడు, లేదని తెలిసి సిగ్గుపడి వచ్చేస్తాడు, నాలుగు తిట్లు తిని ఊరుకుందాం అనుకున్నాను. ఇంతకుమించి ఆలోచించలేదు.

ఇక్కడిదాకా రాసేసరికి ఫోను మోగింది. తెలియని నంబరు. ఆయనే ఎవరి ఫోనో తీసుకుని చేస్తున్నాడనుకుని ఎత్తాను.

తేనె గొంతు కాదు, వేరే గొంతు. “పాటల పుస్తకాలెట్టి పంపినావేటమ్మా? ఆటలాడతన్నావేటి? రేపు మూడు గంటలకి అసలు డబ్బట్టుకుని ఒక్కదానివే పూండి టేసనుకి రా. పోలీసోల్లకి సెప్పినావా, నీ మొగుడు నీకు దక్కడు.” వెనకాల ఎవరో మూలుగుతున్నారు. మీ బావో, పోలయ్యో తెలియలేదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయన మూలుగు ఎలా ఉంటుందో నాకు తెలియదు జోయెల్. ఎప్పుడూ మూలగలేదు ఆయన.

అత్తమ్మ మోకాళ్ల మీద ఉంది. ఏం చేయమంటావో రాయి. వెంటనే రాయి.

*

ఓడ మీద నుంచి,
15 ఫిబ్రవరి 2025

అప్పా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి ఇప్పుడే దిగాయి. పన్నెండో తారీఖుది ముందు చదివాను. గేటు దగ్గర నిలబడినవాడి గురించి చదవగానే, వెళ్లవద్దు అని రాయడానికి కూర్చున్నాను. తర్వాత రెండోది తెరిచాను.

కెప్టెన్ కాళ్లు పట్టుకున్నంత పనిచేస్తే శాటిలైటు ఫోను ఇచ్చాడు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మోగింది, మూడుసార్లూ నువ్వు కట్ చేశావు. ఎందుకు కట్ చేస్తున్నావు? వాళ్లు ఇంట్లోనే ఉన్నారా? నీ పక్కనే ఉన్నారా? ఈ ఉత్తరం చదువుతున్నది నువ్వేనా?

డబ్బు ఇచ్చెయ్యి. ఒక్కదానివే వెళ్లకు. పోలీసులకు చెప్పు. వద్దు, చెప్పకు, వాళ్లకు తెలిస్తే బావను ఏమైనా చేస్తారు. కాదు, చెప్పు. నాకు ఏమీ తోచడం లేదు అప్పా. నేను పంపాను బావను. నా చేతులతో రాసి పంపాను.

చుట్టూ నీళ్లు. ఎటు పరిగెత్తినా ఓడ చివర వస్తుంది.

ఒక్క అక్షరం రాయి.

*

కాశీబుగ్గ,
18 ఫిబ్రవరి 2025

తమ్ముడు జోయెల్‌కు,

మీ బావ బతికి ఉన్నాడు. ఇంట్లో ఉన్నాడు. పోలయ్య కూడా. ముందు ఇది చదువుకుని, నీళ్లు తాగి, తర్వాత మిగతాది చదువు. ఈ మూడు రోజులూ ఆసుపత్రికీ పోలీసు స్టేషనుకూ తిరుగుతూ రాయలేకపోయాను.

ఆ రోజు నీకు రాసి పంపాక తెల్లవార్లూ కూర్చున్నాను. పోలీసులకు చెప్పమని అత్తమ్మ, వద్దని నేను. తెల్లవారాక ఏం చేశానో తెలుసా? డ్యూటీకి వెళ్లాను. ఇద్దరు నర్సులు సెలవులో ఉన్నారు, నేను వెళ్లకపోతే ఆ పూట మెషీన్ల మీద పడుకోవలసినవాళ్లు వెనక్కి పోవాలి. నిజం చెప్పాలంటే, ఇంట్లో ఆ ఫోనుతో ఒంటరిగా ఉండలేకపోయాను.

బంగారయ్యగారని, పూండి దాటాక సముద్రపొడ్డు పల్లె నుంచి డయాలసిస్‌కు వస్తారు. సూది తప్పుడు చోట గుచ్చబోయాను. “ఏటమ్మా, ఇయ్యాల సూదెక్కడ గుచ్చుతన్నావు?” అన్నారు. అంతే, ఏడ్చేశాను. నోటితో చెప్పలేక ఫోను తీసి ఆ కారు ఫోటో చూపించాను. ఆయన కారును చూడలేదు.

“ఇది మావూరి రొయ్యపిల్లల కంపెనీ టేంకు కదేటి! తుపానుకి దెబ్బతిన్నాక మూసీసినారు. దానెనకాలే మాకు జీడితోటుంది” అన్నారు.

సూదులు పెట్టించుకుంటూనే కొడుక్కి ఫోను చేశారు. “దగ్గరికెల్లకండి. తోటలోంచి సూడండి, సాలు” అన్నారు. కాసేపటికి జవాబు వచ్చింది: షెడ్డుకు బయట తాళం, నలుగురు మనుషులు, లోపల ఎవరో దగ్గుతున్నారు.

అప్పుడు వెళ్లాను పోలీసు స్టేషనుకు. మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఈ మెట్లు ఎక్కడమే ఆయన్ని చంపడం అవుతుందేమో అనిపించింది. ఎస్సైగారు చిన్నవాడు, నీ వయసుంటుంది. అంతా విని, “మీరు వాళ్లు చెప్పినట్టే పూండి స్టేషనులో కూర్చోవాలమ్మా. మిమ్మల్ని తీసుకెళ్లడానికి కొందరు వస్తే షెడ్డు దగ్గర మనుషులు తగ్గుతారు” అన్నాడు. కూర్చుంటానని నా నోరే అంది.

అసలు డబ్బు ఒళ్లో పెట్టుకుని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. లుంగీ కట్టుకున్న కానిస్టేబులు ఒకడు దూరంగా బఠాణీలు తింటున్నాడు. అతను తప్ప నాకెవరూ లేరు. ఒక గూడ్సు బండి వెళ్లింది. అది వెళ్తున్నంతసేపూ ఆ చప్పుడులో నన్ను ఎవరైనా లాక్కుపోయినా తెలియదు కదా అనుకున్నాను. అప్పుడే ఫోను మోగింది. ఇంత పొడుగు నంబరు, ముందు ఏవో సున్నాలు. వాళ్లేనేమోనని, మళ్లీ ఆ గొంతు వినే ధైర్యం లేక కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాను, మూడోసారి కూడా. అది నువ్వని నాకెలా తెలుస్తుంది జోయెల్? నీ ఉత్తరం చూశాక అర్థమైంది. సముద్రం మధ్యలో నిన్ను ఎంత ఏడిపించానో!

తెల్ల చొక్కా మనిషి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “డాట్రు గారింటికేనా అమ్మా?” అన్నాడు మెల్లగా. అదే తేనె గొంతు. తల ఊపాను. లేచి వాడి వెనక నాలుగడుగులు వేశానో లేదో, బఠాణీల కానిస్టేబులు వాడి మీద పడ్డాడు. బయట ఆటోలో ఉన్న ఇంకొకణ్ని కూడా పట్టుకున్నారు. అదే సమయానికి ఎస్సైగారు తోటలోంచి షెడ్డు మీదికి వెళ్లారు. బంగారయ్యగారి ఊరివాళ్లు కర్రలతో చుట్టూ నిలబడ్డారట.

మీ బావను జీపులోంచి దింపుతుంటే నేను గుర్తు పట్టలేదు. పెదవి చిట్లి, ముఖం వాచిపోయి ఉంది. ఎడమ చేతి వేళ్లు రెండు విరిచేశారు. పోలయ్యకు వీపంతా వాతలు.

కారు సంగతి పోలయ్య చెప్పాడు. మీ బావ లోపలికెక్కి స్టీరింగు పట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడట. బటన్ నొక్కితే ఏమీ లేదు. బ్యాటరీ దిగిపోయిందన్నారట వాళ్లు. పోలయ్య ఊరుకోకుండా బానెట్ ఎత్తేశాడు. “ఇంజనే నేదమ్మా. ఉత్త కన్నం. అందులోంచి కిందనున్న ఇసక అగుపిస్తంది” అన్నాడు. ఎక్కడో మునిగిపోయిన కారును పాత ఇనుము ధరకు కొని, లారీ మీద తెచ్చి అక్కడ పెట్టారట. ఎర వేయడానికి రంగు ఒక్కటి చాలు కదా.

బానెట్ ఎత్తగానే షెడ్డు తలుపు మూశారు. బ్యాగు లాక్కుని తెరిచారు. పాటల పుస్తకాలు.

ఇప్పుడు అసలు మాట. ఎస్సైగారు చెప్పాడు, మనకంటే ముందు ఇంకా కొందరు ఇలాగే మోసపోయారట. డబ్బు ఇచ్చినవాళ్లను ఒక దెబ్బ వేసి గంటలో హైవే మీద వదిలేశారట. పరువు పోతుందని ఒక్కరూ కేసు పెట్టలేదు. అంటే నేను బ్యాగు మార్చకపోతే ఆయన ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేవాడు. ఆ వేళ్లు నేను విరిచినవే జోయెల్.

ఆయనకు ఇంకా తెలియదు. దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు బ్యాగు పోలయ్య దగ్గర వదిలాడట. వాడే మార్చాడని గట్టిగా నమ్ముతున్నాడు. ఆ పుస్తకాలు చర్చిలో ఎవరికైనా దొరికేవే, డబ్బు మళ్లీ ఇంట్లో దాచిన మాట నేను చెప్పలేదు. నిన్న పోలయ్య పలకరించడానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పోలయ్య కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉండి నోరు విప్పలేదు.

వనజ

*

ఓడ మీద నుంచి,
20 ఫిబ్రవరి 2025

అప్పా,

నీ ఉత్తరంలో మొదటి మాట చదివి డెక్ మీదే కూర్చుండిపోయాను. కుర్రాళ్లు భుజాలు పట్టి లేపారు. ఎందుకు ఏడుస్తున్నానో వాళ్లకు తెలుగులోనే చెప్పానట, వాళ్లు తలలూపారట.

ఒక్కటి చెబుతాను, విను. బ్యాగు మాట బావకు చెప్పకు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ వద్దు. దెబ్బలు మానతాయి. ఇది మానదు. ఆయనను ఎవరూ నమ్మలేదన్నదే ఆయన బాధ; నువ్వు కూడా నమ్మలేదని తెలిస్తే తట్టుకోలేడు. పోలయ్యతో నేను వచ్చాక మాట్లాడతాను, వాడికేదో సర్ది చెబుతాను. నీ కాపురం నువ్వు కాపాడుకో.

నేను రాసిన ఆ ఉత్తరం బావ జేబులో ఉంటే తీసి చింపెయ్యి.

జోయెల్

*

కాశీబుగ్గ,
21 ఫిబ్రవరి 2025

తమ్ముడు జోయెల్‌కు,

నీ సలహా ఆలస్యంగా వచ్చింది. నిన్న సాయంత్రమే చెప్పేశాను. నీ మాట ముందే వచ్చి ఉంటే వినేదాన్నేమో. రానందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

పోలయ్య షెడ్డుకు పనులు రావడం లేదని అత్తమ్మ ఎక్కడో విని వచ్చింది. “ఆడే సేయించినాడంట” అనుకుంటున్నారట ఊళ్లో. వీపు మీద వాతలున్న మనిషిని! ఇక ఉండలేకపోయాను. మీ బావ వరండాలో కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. తీసింది నేను, పుస్తకాలు పెట్టింది నేను, డబ్బు బియ్యం డబ్బాలో దాచింది నేను. కొడతాడని అనుకోలేదు. లేచి వెళ్లిపోతాడని అనుకున్నాను. చివరి మాటలు నాకే వినబడలేదు.

ఆయన రోడ్డు మీద ఆటోలు పోతుంటే వాటినే చూశాడు. తర్వాత అన్నాడు:

“పోలయ్య బానెట్టెత్తినాడు కదా. ఇంజను లేదు. నా కల్లతో సూసినాను. అయినా నా లోపల ఏటనిపించిందో తెలుసా? బాడీ బాగుంది, ఇంజను ఎక్కడో ఒకసోట దొరకదేటి అని. ఆల్లు తలుపు మూసినా నాకు బయమెయ్యలేదే. ఆ బేగులో డబ్బుంటే నానిచ్చీసుందును వనజా. దన్నమెట్టి మరీ ఇచ్చీసుందును.”

ఆయన చేతి కట్టు జారితే సర్దాను.

“ఆల్లు ఏల్లిరిసినప్పుడు కాదు. ఇంటికొచ్చి పడుకున్నాక బయమేసింది. నా మీద నాకే” అన్నాడు. అని, తన ఫోను తీసి నా ఒళ్లో పెట్టాడు. “కొన్నాల్లు నీకాడే ఉంచు.”

తర్వాత చెప్పులేసుకున్నాడు. ఎక్కడికని అడిగితే పోలయ్య దగ్గరికన్నాడు. తోడు వస్తానంటే వద్దన్నాడు, “ఇది నానొక్కడినే ఎల్లాల” అన్నాడు.

పోలయ్య షెడ్డు ఎంత దూరమో నీకు తెలుసు, రైల్వే గేటు దాకా కూడా పోనక్కరలేదు. వెలుతురు ఇంకా ఉంది, బజారు నిండా జనం ఉన్నారు. అయినా ఆయన మలుపు తిరిగి కనబడకుండా పోయేసరికి ఇంటి గేటు దాకా పరిగెత్తాను. ఆయన ఫోను నా చేతిలోనే ఉంది కాబట్టి ఫోను చేయడానికి కూడా లేదు. గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

చీకటి పడుతుండగా ఇద్దరూ కలిసి వస్తూ కనబడ్డారు, మెల్లగా, ఒకరికి చేయి బాగా లేదు, ఒకరికి వీపు బాగా లేదు. నేను లోపలికి వెళ్లి ఇంకో గుప్పెడు బియ్యం కడిగాను.

నీ అప్ప,
వనజ